అన్నీ తింటాదండి

మొన్న మా వీధి అంగన్‌వాడీలో పిల్లల్నీ కడుపుతో ఉన్నవాళ్ళనీ తూకం వేసే రోజు. నేను పాలు పోసి తిరిగి వస్తూ, మోకాళ్ళు పట్టేసి గుమ్మం దగ్గర కాసేపు కూర్చున్నాను. ఒక అత్తగారు కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలికి ఆరో నెల. పాలు తాగుతున్నావా, గుడ్డు తింటున్నావా అని టీచరమ్మ ఆ పిల్లను అడిగింది. పిల్ల నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది.

"అన్నీ తింటాదండి మా కోడలు."

పిల్ల తల వంచుకుని కాలి వేళ్ళు చూసుకుంది. ఊరుకోలేక, "ఆ పిల్లనే సెప్పనీ అమ్మా" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పాలు పోసుకునీదానివి, నీకెందుకే ఈ ఆరా" అంది. నిజమే, పాలు పోసుకునేదాన్నే. కానీ అన్నీ తింటాదండి అని ఆవిడ అన్న మాట ఒకనాడు నేనూ అన్నాను. అందుకే నాకు కావాలి.

అందరూ వెళ్ళాక టీచరమ్మ ఏమిటి సంగతని అడిగితే చెప్పాను. రాద్దాం అంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతున్నాను, ఆవిడ రాస్తోంది. నా యాస సరిచేసి రాస్తానంది, సరేనన్నాను. ఎవరైనా నోటితో అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను.

నేను ఆ మాట ఎవరి గురించి అన్నానో ఆ పిల్ల పేరు చెప్పను. ఎక్కడుందో ఎలా ఉందో తెలియని మనిషి, పేరు పెట్టి మాట్లాడడం నాకు భయం.

మా ఇల్లు రోలుగుంట వెళ్ళే రోడ్డు పక్కన, ఊరి చివర. మా ఆయన పోయాక ముందు గది అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాను. వెనక పాకలో రెండు గేదెలు. ఆ ముందు గదిలోకి వచ్చారు ఆ పిల్లా, దాని మొగుడూ. మొగుడు బస్టాండు దగ్గర బళ్ళ మెకానిక్కు. ఆ పిల్ల పుట్టిల్లు ఏటికొప్పాక, లక్క బొమ్మలు చేసే ఇల్లు. బొమ్మ నున్నగా వచ్చిందో లేదో చూడడానికి వాళ్ళు బొటనవేలి గోరు దాని మీద జారుస్తారట. ఆ అలవాటు దాన్ని వదల్లేదు. బజారులో వంకాయ కొన్నా గోరు జార్చేది, నా ఇత్తడి చెంబు మీదా జార్చేది, గోడకు కొత్తగా సున్నం వేయిస్తే ఆ గోడ మీదా జార్చింది. ఏదైనా తేల్చుకోవాల్సి వచ్చి, చేతిలో ఏమీ లేకపోతే, తన చూపుడు వేలి మీదే గోరు జార్చుకుంటూ నిలబడేది. అప్పుడు మనం ఎన్ని మాట్లాడినా దానికి వినబడదు.

ఇంకొకటి. గేదెలను "అండీ" అనేది. తెల్లారి పాకలోకి వచ్చి, "ఏటండీ, తిన్నారా" అని అడిగేది. ఎండ ముదిరితే, "ఇయ్యాల మీకు నీళ్ళు సాలవండీ" అనేది. నన్ను మాత్రం అత్తా, నువ్వు అనేది. ఒకరోజు నవ్వుతూనే దెప్పాను.

"నన్ను నువ్వంటావు, గేదెని అండీ అంటావేటే?"

"నువ్వు మా అత్తవి. ఆవిడ పరాయావిడ గదా" అంది.

చిన్నప్పుడే చేపలూ గుడ్లూ మానేసిందట. నీసు వాసన పడదని ఇంట్లో వాళ్ళు అనుకున్నారు, ఎవరూ బలవంతపెట్టలేదు. పాలు మాత్రం టీలోకి పుచ్చుకునేది. కడుపుతో మూడో నెలలో ఉండగా ఆ పాలూ మానేసింది. అది మానడానికి కారణం మా ఇంట్లోనే జరిగింది.

చలికాలం. మా పెద్ద గేదె ఈనింది. తొమ్మిదో రోజున దూడ చచ్చిపోయింది. దూడ మూతి పెట్టి కుడిస్తేగాని గేదె పొదుగులోకి పాలు దింపదు, అలా పాలు దింపడాన్ని మేం చేపడం అంటాం. దూడ లేక గేదె చేపలేదు. పాలు అమ్ముకుని బతికేదాన్ని, ఏం చేస్తాను? ఆ పని తెలిసిన ముసలాయన్ని పిలిపించాను. ఆయన దూడ తోలు ఒలిచి, ఉప్పు పట్టించి ఎండబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టి, నాలుగు కర్రలు కాళ్ళుగా పెట్టి ఇచ్చాడు. గేదె ముందు నిలబెట్టాం. గేదె వాసన చూసింది, నాకింది, చేపింది. పాడివాళ్ళలో ఇది ఎప్పటినుంచో ఉన్నదే. నాకు అందులో వింతేమీ కనబడలేదు.

ఆ పిల్ల టీకి పాలు పట్టుకెళదామని గిన్నెతో వచ్చింది. "బాగుందత్తా దూడ, కదల్దేటి" అంటూ దగ్గరికి వెళ్ళి, అలవాటుగా దాని వీపు మీద గోరు జార్చింది. అక్కడే ఆగిపోయింది. గోటికి తెలిసిపోయింది. కుట్టు దగ్గర ఒక గడ్డిపరక బయటికి వచ్చి ఉంటే, దాన్ని వేలితో మెల్లగా లోపలికి దోపింది. గేదె నాకుతూనే ఉంది. ఆ రోజు గేదెను ఏమీ పలకరించలేదు. ఖాళీ గిన్నెతో వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి పాలు లేవు, పెరుగు లేదు, మజ్జిగ లేదు, నెయ్యి లేదు. మొదట్లో వేవిళ్ళనుకున్నాను. తర్వాత సంగతి అర్థమై, ఆ గడ్డి దూడను చాటుగా, పాక వెనక పెట్టి పాలు తీయడం మొదలుపెట్టాను. అది చూసి, "నాకోసం దాసక్కర్నేదత్తా. నువ్వు బతకాలి గదా" అంది. నాకు కోపం వచ్చింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇలా అంటే ఏం అనగలం? ఆ కోపంతో ఒకరోజు పొడిచాను. లక్క కూడా పురుగు పెట్టేదే గదా, మరి మీ ఇంట్లో బొమ్మలు ఎలా చేస్తారే అన్నాను. నొచ్చుకుంటుందనుకున్నాను. అది గోరు జార్చుకుంటూ కాసేపు ఆలోచించింది.

"అవునత్తా. మా నాన్ననీ అడిగేను. అది మానితే మనమేటి తింటాం అన్నాడు. అందుకే నాను ఎవలికీ మానమని సెప్పను. నా నోరొక్కటే నాది."

తినడం మాత్రం తక్కువ తినేది కాదు. చోడి అంబలి, అదే రాగి అంబలి, రోజూ రెండు పూటలా. నువ్వులూ బెల్లం కలిపి దంచిన ఉండలు. మునగాకు పప్పు, ఉలవలు, పెసలు, వేరుశనగ గుళ్ళు, జీడిపిక్కల కాలంలో పచ్చి జీడిపప్పు కూర. ఫోనులో చూసి ఏ గింజలో ఏముందో నాకు చెప్పేది. అంగన్‌వాడీలో ఇచ్చే పాలూ గుడ్లూ తెచ్చి ఎదురింటి పిల్లలకు ఇచ్చేసేది, ఐరన్ మాత్రలు మాత్రం తప్పకుండా మింగేది. మొగుడు మెతక మనిషి. నువ్వైనా చెప్పరా అంటే, "దాని కడుపు, దాని నోరు, మజ్జిలో నానెవల్ని పిన్నీ" అనేవాడు.

పుట్టింటికి వెళ్ళి కనింది. ఆడపిల్ల. మూడో నెలలో తీసుకొచ్చింది. నేను ఎత్తుకుని బరువు చూసి ఆశ్చర్యపోయాను. పాలచుక్క ముట్టని తల్లికి ఇంత నిండైన పిల్లా అని. తాత చేసిన ఎర్ర గిలక్కాయ ఆడిస్తే, ఎటు ఆడిస్తే అటు కళ్ళు తిప్పి కేరింతలు కొట్టేది. నా బెంగంతా ఉత్తిదేనని సిగ్గుపడ్డాను కూడా.

ఐదో నెల దాటాక తేడా మొదలైంది. ఒక్కసారిగా కాదు. నవ్వడం తగ్గింది. పళ్ళొచ్చే చిరాకేమో అనుకున్నాం. మెడ నిలిపిన పిల్ల మళ్ళీ మెడ వాల్చేస్తోంది. నిద్ర చాలలేదేమో అనుకున్నాం. జుట్టు పల్చబడి రాగి రంగుకు తిరిగింది. వేళ్ళ కణుపుల మీద నల్లగా మసి పట్టినట్టు కనబడింది. నేను సున్నిపిండి పెట్టి రుద్దాను. పోలేదు. మర్నాడు నూనె రాసి మళ్ళీ రుద్దాను. తల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మురికి కాదత్తా" అంది. తన గోరు ఆ చిట్టి కణుపుల మీద జార్చి చూసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. గిలక్కాయ ఆడిస్తే పిల్ల కళ్ళు గోడ మీదే ఉండిపోయాయి.

బేగి బయల్దేరు అని ఆ పూటే పిల్లల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మొగుడు షాపులో ఉన్నాడు, పెద్దదిక్కుగా నేనే. డాక్టరు గారు పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, కింది రెప్ప లాగి, రక్తం తక్కువగా ఉందన్నారు. బిడ్డకు ఏం పడుతున్నావు అంటే తల్లిపాలేనంది. అప్పుడు ఆయన తల్లినే అడిగారు. "నువ్వేం తింటున్నావమ్మా? పాలూ పెరుగూ గుడ్లూ తింటున్నావా?"

అది నోరు తెరవబోయింది. నేను అందుకున్నాను.

"అన్నీ తింటాదండి. పాడున్న ఇంట్లో ఉంటాది, పాలకేటండీ కరువు."

ఎందుకన్నానంటే ఏం చెప్పను? గదినిండా జనం ఉన్నారు. అందులో ముగ్గురు నా దగ్గర పాలు పోయించుకునేవాళ్ళు. నా ఇంట్లో ఉండే బాలింత పాలు ముట్టదంటే, ఈవిడ పాలకేం రోగమో అనుకుంటారని ఒక భయం. చదువుకున్న డాక్టరు దాన్ని నలుగురిలో తిడతాడేమోనని ఇంకో భయం. ఏది ముందొచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. అది నావైపు ఒక్కసారి చూసి, తల దించుకుంది. పెద్దదాన్ని నలుగురి ముందు అబద్ధాలకోరును చెయ్యలేక ఊరుకుంది.

తల్లి తిండి బాగానే ఉంది కాబట్టి ముందు రక్తం పట్టడానికి చుక్కల మందు వాడమని, మూడు వారాల్లో తీసుకురమ్మని, ఈలోపు ఏ మాత్రం తేడా ఉన్నా వెంటనే రమ్మని రాసిచ్చారు. ఆయన తప్పేముంది? చెప్పినదాన్ని బట్టే వైద్యం.

ఆ మూడు వారాలూ నాకు అన్నం సయించలేదు. పొద్దున్నే పాలు తీయకముందే ముందు గది కిటికీ దగ్గరికి వెళ్ళి పిల్ల ఊపిరి చూసేదాన్ని. అన్న అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. దాన్ని నిజం చేద్దామనుకున్నాను. చోడి అంబలి నేనే కాచి తెస్తానని చెప్పి, అందులో ఒక గ్లాసు పాలు మరిగించి కలిపాను. బెల్లం ఎక్కువ వేశాను, వాసన తెలియకూడదని. అది రెండు గుక్కలు తాగింది. గ్లాసు కింద పెట్టింది. అరవలేదు, వాంతి చేసుకోలేదు. పైట కొంగుతో మూతి తుడుచుకుని, "నువ్వు సేసిందేటో నాకు తెలిసిందత్తా. మరెప్పుడూ సెయ్యకు" అంది. మిగిలిన అంబలి తీసుకెళ్ళి గేదె కుడితిలో పోసింది.

ఆ మర్నాడే పిల్ల చెయ్యి వణకడం చూశాం. దుప్పటి కప్పినా ఆగలేదు, జ్వరం లేదు. మేలుకుని ఉన్నంతసేపూ చేతులు, గడ్డం, నాలిక సన్నగా వణుకుతున్నాయి. నిద్రపోతే ఆగిపోతోంది. గడువు ఇంకా రెండు రోజులుంది, ఆగకుండా ఆటో ఎక్కాం. దారి పొడుగునా దాని గోరు చూపుడు వేలి మీద జారుతూనే ఉంది.

ఈసారి డాక్టరు గారు ఏమీ అడక్కముందే అది నిలబడి చెప్పింది.

"నాను పాలు తాగనండి. గుడ్లు, సేపలు సిన్నప్పటినుంచే నేవు. ఆ రోజు అత్త నా పరువుకోసం అలగ సెప్పింది. నిన్న అంబలిలో పాలు కలిపితే రెండు గుక్కలు తాగేసేను. అది కూడా రాసుకోండి."

జనం ముందు నాకు తల తీసేసినట్టు ఉండాలి. లేదు. ఆ రెండు గుక్కలు కూడా లెక్కలో పెట్టిన మనిషిని చూసి, వారాలపాటు నోరు మూసుకున్న నన్ను చూసుకున్నాను.

డాక్టరు గారు తిట్టలేదు. కుర్చీ వెనక్కి జరిపి, ఏమేం తింటావో మొదటినుంచీ చెప్పమన్నారు. అంబలి, నువ్వులు, ఉలవలు, మునగాకు, అన్నీ చెప్పింది. ఇవన్నీ మంచివేనమ్మా, ఒక్కటి తప్ప అన్నారు. బీ ట్వెల్వ్ అనే విటమిను మొక్కల్లో ఉండదట. తల్లి ఒంట్లో లేకపోతే తల్లిపాలలోకీ రాదట. బిడ్డకు రక్తం పట్టకపోవడం, నేర్చుకున్నవి మరిచిపోవడం, ఈ వణుకు, ఆ కణుపుల నలుపు, అన్నీ దానివల్లే అయ్యుంటాయన్నారు, రక్తపరీక్షకు రాశారు. మొక్కల తిండితోనే తల్లీబిడ్డలు బాగా ఉండొచ్చు, కానీ ఆ ఒక్కటీ మందుగా పుచ్చుకుని తీరాలి, కడుపుతో ఉన్నప్పటినుంచే పుచ్చుకోవాల్సింది అన్నారు. నేను సిగ్గు విడిచి అడిగాను, పాలు పోసి ఉంటే సరిపోయేదా అని. ఇంత తగ్గిపోయాక గ్లాసు పాలతో తీరేది కాదు, నిజం చెప్పి ఉంటే సరిపోయేది అన్నారు.

సూది సిద్ధం చేస్తుంటే అది అడిగింది. "ఆ మందు జంతువులనుంచి తీస్తారాండీ?" ఈ పిచ్చిది వద్దంటుందేమోనని నేను దాని భుజం పట్టుకున్నాను. డాక్టరు గారు కూడా దానివైపు ఒక్క క్షణం చూశారు. కంటికి కనబడని సూక్ష్మజీవులతో తయారు చేస్తారమ్మా అన్నారు. "అయితే ఏసీండి" అంది. తల్లికీ వేశారు, బిడ్డకీ వేశారు.

తిరుగు ఆటోలో ఇక ఆగలేక అడిగాను. "జంతువుదంటే ఏటి సేద్దువే?"

"ఏయించీద్దును" అంది. ఆలోచించలేదు, గోరు కూడా జార్చలేదు. "పిల్లకి ఏటి కావాలన్నా ఏయించీద్దును అత్తా. అడగాలి గదా అని అడిగేను."

మందు మొదలుపెట్టిన నాలుగు రోజులు వణుకు ఇంకా ఎక్కువైంది. అలా కావచ్చని ఆయన ముందే చెప్పారు. చెప్పినా, కళ్ళతో చూస్తే మనసు నిలవదు. వారం తిరగకముందే పిల్ల కళ్ళు గోడ మీంచి కదిలి తల్లి మొహం వెతికాయి. పదో రోజున నవ్వింది. తల్లి నవ్వలేదు. వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి నన్ను చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్ళింది.

వణుకు మెల్లగా తగ్గింది. కూర్చోవడం ఆలస్యమైంది, పాకడం ఆలస్యమైంది. పూర్తిగా సరవుతుందా అని అడిగితే డాక్టరు గారు, చాలావరకు అవుతుంది, మాటా నడకా వచ్చేదాకా చూస్తూ ఉండాలి అన్నారు. చూస్తూ ఉండాలి అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. ఆ పిల్ల మాత్రం తన మాత్ర, బిడ్డ మందు ఒక్క రోజు తప్పనివ్వలేదు. పాలు మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆ సంవత్సరం మా వీధిలో కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకు తనే వెళ్ళి, "మీరు ఏటి తింటే అది తినండి. అడిగితే ఉన్నదున్నట్టు సెప్పండి" అని చెప్పి వచ్చేది. పాలు మానమని ఒక్కరికీ చెప్పలేదు.

మొగుడికి గాజువాకలో పని దొరికి వాళ్ళు వెళ్ళిపోయారు. మొదట్లో ఫోన్లు వచ్చేవి. తర్వాత ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని ఒకమ్మాయి చెబుతోంది. ఇప్పుడు ఆ బిడ్డకు నాలుగేళ్ళు నిండి ఉండాలి. మాటలు వచ్చాయో లేదో, బడికి పంపారో లేదో నాకు తెలియదు.

వాళ్ళు బయల్దేరిన రోజున, సామాను ఆటోలో సర్దుతుంటే, ఇన్నాళ్ళూ అనలేనిది అనేశాను. ఆ మూడు వారాలూ నా నోటివల్లే పోయాయి కదే అన్నాను. కాదంటుందని ఆశపడ్డానేమో. అది కాదనలేదు. గిన్నెల మూట ముడి బిగించి, నిలబడి, నా కళ్ళలోకి చూసింది.

"డాక్టరు గారు నన్ను అడిగేరు, నిన్ను కాదు. నోరు నాకూ ఉంది గదత్తా. సగం నువ్వు మొయ్యి, సగం నాను మోస్తాను."

ఆటో ఎక్కి బిడ్డను ఒళ్ళో నిలబెట్టుకుంది. అప్పటికి పిల్లకు పధ్నాలుగో నెల, ఇంకా అడుగు వెయ్యలేదు. అత్తకు టాటా చెప్పు అంది తల్లి. పిల్ల కుడి చెయ్యి పైకి లేచింది, వేళ్ళు కదిలాయి. ఆటో కదిలింది. ఆ చెయ్యి ఊగుతోందా, వణుకుతోందా అని నేను రోడ్డు మీదికి వచ్చి, ఆటో మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూస్తూ నిలబడ్డాను.